చిగుళ్ల మీది గీత

దేవరకొండ, 1996. పళ్ల డాక్టరు గదిలో అజీజా బేగం. కుర్చీలో ఆమె బిడ్డ జాహేదా, పక్కనే అజీజా ఒడిలో తొమ్మిది నెలల కొడుకు ఆజం.

“ఇంక జర పెద్దగ తెరువమ్మా నోరు. లైటు పిల్లగాని కండ్లల్ల పడ్తాందా?”

“పడనియ్యిండ్రి సాబ్, వాడు లేవడు. దీని సంగతి సూడుండ్రి. పట్నంల లేజరు కొట్టి నల్ల చిగుళ్లు ఎర్రగ చేస్తరంట గద. ఒక చిట్టీ రాసియ్యిండ్రి, చాలు. ఆలేరోళ్లు శుక్రవారం వస్తున్నరు, పిల్లను సూడనీకె.”

“చిగుళ్లన్ని నల్లగ లేవమ్మా. పండ్ల అంచు పొంటి గీత గీసినట్టున్నది. ఎన్నాళ్ల సంది?”

“రంజాన్ సంది. పండ్లకు నల్లగ పూసుకునే మిస్సీ పొడి పెట్టిందేమో.”

“నేను పెట్టలే అమ్మీ.”

“నువ్వూకో.”

“జాహేదా, కడుపుల నొస్తదా?”

“అప్పుడప్పుడు...”

“ఆడివిల్లకు నొయ్యదా సాబ్. లేజరు సంగతి చెప్పుండ్రి.”

“చేతులు ముందుకు చాపమ్మా. కుడిచెయ్యి వాలిపోతాందేంది? ఇంట్ల ఏం పని చేస్తవు?”

“ఏం పని లేదు సాబ్.”

“అబ్బాకు సీసం కరగవెడ్త. పాత బ్యాటరీలు పగలగొట్టి, చేపల వలలకు గుండ్లు పోస్తం. డిండి కాడోళ్లు కొంటరు.”

“ఎక్కడ కరగవెడ్తరు?”

“వంటింట్లనే. వానలు గద, బయట పొయ్యి అంటుకుంటలేదు.”

“అజీజమ్మా, లేజరు పైరంగు తీస్తది. గిది రంగు గాదు. సీసం విషం, అది రక్తంల కలిసింది. గీత తీసినా మల్ల వస్తది. ముందు ఆ పొయ్యి బందు చెయ్యిండ్రి.”

“మా ఆయనకు ఇంకో పని రాదు. ఆలేరోళ్లకు ఏం చెప్పాలె నేను?”

“వాళ్ల ఫికర్ తర్వాత. ఇంట్ల ఇంకెవరికన్న వాంతులు గిట్ల అయితున్నయా?”

“వీనికి... పోయినవారం అయినయి. పండ్లొస్తున్నయి గద, అందుకే. దీనిది అయినంక వీన్ని గూడ సూపెడ్దమనుకున్న.”

“వాని మెడల ఆ దారమేంది?”

“వలగుండు సాబ్. పండ్లొచ్చేటప్పుడు చిగుళ్లు దురద పెడ్తయని మా ఇంట్ల పిల్లలందరికి కడ్తం. మెత్తగుంటది, జర తియ్యగుంటది. దినమంత చప్పరిస్తుండె.”

“తియ్యిండ్రి. అది తియ్యిండ్రి ముందు. వాన్ని లేపుండ్రి.”

“లేపుతనే ఉన్న సాబ్. నిన్న పొద్దుగాల సంది లేపుతనే ఉన్న.”