వన్స్‌మోర్ అడిగినవాడు

గల్ఫ్‌లోని ఉమ్ సలాల్‌లో ఒకే విల్లాలో పనిచేసే ఇద్దరు. ఒకప్పుడు నాటకాల్లో ఆడవేషాలు కట్టిన డ్రైవరు కారు తుడుస్తున్నాడు. తోటమాలి పాత ఇంగ్లీషు పత్రిక చదివి చెబుతున్నాడు.

"అన్నా, ఎనభై ఏండ్ల కింద న్యూయార్కుల, బ్రాడ్‌వే నాటకాలల్ల, ఒకాయన ఒక్క వేషమే వెయ్యిసార్లు కట్టిండట."

"పద్యానికెన్ని వన్స్‌మోర్‌లు పడినాయంట?"

"అక్కడ నడుమల అట్ల అడగరట."

"పాపం! మావూళ్లో నాతో ఒక్కో పద్యం మూడుసార్లు పాడించినారు."

"మరి శుక్రవారం మనోళ్ల లేబర్ క్యాంపుల నాటకంల రాణి వేషం కట్టనంటున్నవేందే?"

"మీసం తీయల్ల గదప్పా."

"మీసం సాకు. గొంతు పోయిందని భయపడుతున్నవ్."

"ఏడేండ్లాయ పాడక."

"ఇప్పుడు పాడు. నేనొక్కణ్నే ఉన్న."

డ్రైవరు తుడిచే గుడ్డను పైటలా భుజాన వేసుకుని ఒక పద్యం ఎత్తుకున్నాడు. చివరి రాగం ప్రహరీ దాటింది.

"ఏమప్పా, బాగలేదా?"

"వన్స్‌మోర్!"

"పాడతాలే. ముందు పోయి నీ బ్లేడు తీసుకురా."