ఈపొద్దు మామూలు ఫోన్ చేసినావే

గల్ఫ్ దేశంలో, అల్ మవాలేలో ఒక ఇంట్లో పనిచేసే ఆమె ఇస్త్రీ ఆపి ఫోన్ ఎత్తింది. అవతల రాయచోటి నుంచి ఆమె భర్త. పాప ఎవరి దగ్గర ఉండాలనే కేసు సోమవారం వాయిదాకు వస్తుంది.

"రోజూ నెట్‌లో ఇమో కాల్ చేస్తావు. ఈపొద్దు మామూలు ఫోన్ చేసినావే?"

"ఇమో సరిగ్గా పలకడంలేదు. నువ్వు పాపను ఇడ్సిపెట్టి పోయి మూడేండ్లయింది. ఔనా, కాదా?"

"వీసా తెచ్చి పంపిచ్చింది నువ్వే గదా."

"అడిగినదానికి చెప్పు. ఔనా, కాదా?"

"ఎప్పుడూ కసురుకుంటా మాట్లాడేవాడివి. ఈపొద్దు కాయితం చూసి చదివినట్టు అడుగుతాండావు. పక్కన ఎవురుండారు?"

"ఎవురూ లేరు."

"ఈడ పక్కింటి డ్రైవరు, పెండ్లాం మాటలు ఆమెకు చెప్పకుండా రికార్డు చేసినాడంట. పోలీసులు పట్టుకపోయినారు."

"అది ఆ దేశం చట్టం. మన కోర్టులో మొగుడూ పెండ్లాల కేసుకు పనికొస్తాదని లాయరు చెప్పినాడు."

"నేను డ్రైవరు సంగతి చెప్పినా. నువ్వు లాయర్ను ఎందుకు అడిగినావు?"

అవతల కాయితాలు తిరగేసిన చప్పుడు.

"సరే, రికార్డు చేసుకో. ఇమోలో కాదనే గదా మామూలు ఫోన్ చేసినావు. అయ్యా జడ్జిగారూ, నా బిడ్డ గొంతు విని నెల దాటింది. ఈయన ఫోన్ ఇయ్యడు. ఇప్పుడు మీ ముందరే అడుగుతాండా. పాపకు ఇయ్యి."

"పాప ఇంట్లో లేదు. ట్యూషన్‌కు పోయింది."

"మరి ఇందాక నీ వెనకాల 'నాన్నా, ఫోన్లో అమ్మనా?' అని అడిగింది ఎవురు? అది గూడా రికార్డులో ఎక్కింటాదిలే."