కుసుమ కార్డు

పుంగనూరు, 2009. రక్తం ఆగక సోలిపోతున్న చిన్నకూతురు కుసుమను నర్సింగ్‌హోమ్ వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి, తులసమ్మ డాక్టర్ వరప్రసాద్ గదిలోకి వచ్చి కూర్చుంది. పని కానిదే లేచే మనిషి కాదు.

“అదేందప్పా, లేదంటే ఎట్ల లేకుండా పోతాది? స్కానింగులో నువ్వే గదా సూపిస్తివి, ఇదో గర్భసంచి, ఇయ్యో గడ్డలు అని!”

“ఉండాదమ్మా. నా కండ్లకు ఉండాది. కంప్యూటర్లో లేదు. కుసుమ సర్కారు ఉచిత వైద్యం కార్డు నంబరు కొడితే, రెండేండ్ల కింద మదనపల్లెలో గర్భసంచి తీసేసినారని వస్తాండాది. తీసేసినదాన్ని మళ్లా తీస్తామంటే అనుమతి ఎవురిస్తారు?”

“ఆ పొద్దు తీసింది పెద్దదానికి, రేవతికి. పెండ్లయిందని దాని పేరు మా కార్డులో కొట్టేసిరి. అత్తగారి కార్డులో ఎక్కించకపోయిరి. నడిమధ్యన బిడ్డ సచ్చిపోవల్లనా? చెల్లెలి కార్డు పెడితిమి. మా నిమ్మనపల్లె పక్క కార్డు ఇచ్చిపుచ్చుకోని ఇల్లు యాడుండాది? పెండ్లికి పోతా నగ అడుక్కున్నట్ల!”

“మెల్లగా, తులసమ్మా. బయట వినబడతాది.”

“వినబడనీ. కార్డు లేకుండా చేయించే శక్తి మాకు యాడిది? నువ్వే ఫోన్ చేసి ఆ కంప్యూటరోళ్లకు నిజం చెప్పు.”

“రక్తం ఆగేదానికి సూది ఏయించినా గదా...”

“నిన్నా ఏయించినావు. ఆగిందా?”

“కుప్పం తీసకపోరాదా? ఆడ నాకు తెలిసిన డాక్టరు...”

“కుప్పంలో వేరే కంప్యూటరా?”

“...అదే.”

“మళ్ల? బస్సులోనే పోతాది బిడ్డ.”

“మేమే అడిగినామమ్మా దీన్ని. డాక్టర్లమే. మదనపల్లెలో రాసింది పుంగనూరులో, కుప్పంలో కనబడితే రోగికి ఎంత మేలో అని మీటింగులో చప్పట్లు కొట్టినాం. నేనూ కొట్టినా.”

“మంచిపని చేసినావు. ఇంగ ఫోన్ చెయ్.”

“చెప్తే ఊరికే పోదు. విచారణ పెడతారు. నీ ఇద్దురు బిడ్డల్నీ అడుగుతారు.”

“అడగనీ. మోసం నాదే అంటా. జైల్లో ఏస్తే ఏయనీ, ఆడ పొద్దున్నే లేసి పేడ ఎత్తే పనన్నా తప్పుతాది.”

“రేవతికి ఆపరేషన్ చేసిన డాక్టర్ని గూడా వదలరు.”

“ఆయప్ప పేరు నా నోట రాదు.”

“నీ నోట రాబల్లేదు. అప్పుడు మదనపల్లెలో పని చేస్తాంటి గదా, కంప్యూటర్లోనే ఉండాది... నా పేరు.”

“ఉంటే ఉండనీ. కార్డు సూసి చేసినా, మోసపోయినా అను. ఆ పొద్దు నన్ను పక్కకు పిలిచి, ‘చెల్లెలి కార్డుంటే తీసకరా తులసమ్మా, నేను సూసుకుంటా’ అంటివే, ఆ మాట కంప్యూటర్లో లేదు గదా! సచ్చేదాకా నేనూ చెప్పను. లెయ్ నాయనా, బిడ్డను సూడు.”