చిలకలు వాలని తోట

నూజివీడు దగ్గర మామిడితోట. మిట్టమధ్యాహ్నం మోటారు షెడ్డు ముందు ఇద్దరు కూర్చున్నారు: ఒక గిటారిస్టు, మూడేళ్ల కిందట చనిపోయిన అతని బ్యాండు డ్రమ్మర్‌కు తండ్రి అయిన తోట కాపలాదారు.

“మా మెటల్ బ్యాండు చరిత్ర రాస్తున్నా బాబాయ్. ఎవరికీ తెలియకుండా ఈ షెడ్డులోనే మొదలెట్టాం కదా.”

“అంతకుముందే మొదలైంది బాబూ. చిలకల్ని తోలమని మా దుర్గారావు చేతికి నూనె డబ్బా ఇచ్చా. వాడి దరువుకి ఒక్కటీ వాలేది కాదు.”

“ఇప్పుడు ఎవరు కొడుతున్నారు?”

“ఎవరూ లేరు. వాడు పోయాక నేను ఆ డబ్బానే ముట్టలేదు. అయినా ఈ మూడేళ్లలో చిలక కొట్టిన కాయ ఒక్కటీ చూడలేదు.”

“మరి షెడ్డు వెనక ఆ చప్పుడేంటి?”

“నీకూ వినపడుతోందా?”

“అది మా ఆఖరి పాట బాబాయ్. సగమే కట్టాం, ఈలోగా వాడు పోయాడు.”

“ఊఁ.”

“ఆ సగం దాటిపోయింది. ఈ ముక్క మేమెప్పుడూ వాయించలేదు.”

“రోజూ ఇంకాస్త ముందుకెళ్లి ఆగుతాడు. కాసేపు ఎదురుచూసి, మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకుంటాడు.”

“ఎందుకు?”

“అదుగో, ఆగాడు. ఇక్కడ నీ గిటారు రావాలనుకుంటా బాబూ.”