రెండుసార్లు లాగిన తాళం

“పిల్లిగాడు పారిపోయాడల్లుడూ! ఆరో గది ఖాళీ!”

జైలు ఆఫీసులో హెడ్ వార్డరు ఆ మాట అంటుంటే, ఇన్‌స్పెక్టరైన అల్లుడు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

“చూసే వస్తున్నా మామయ్యా. బజార్లో అప్పుడే మైకులు కూడా మొదలయ్యాయి.”

“మొదలవవూ మరి! జైలు మూసేసి ఆస్పత్రి కడతానని టీచరమ్మ ఓట్లడుగుతోందిగా? ఇప్పుడు అడగమను. పక్కనే ఇంకో జైలు కట్టమంటారు జనం!”

“ఎల్లుండే పోలింగు. భలే సమయం చూసుకున్నాడు.”

“దొంగకి సమయమేంటి? సందు దొరికితే చాలు.”

“నెలాగితే శిక్ష అయిపోయి మీరే వదిలేస్తారుగా. ఇంత తొందరేమొచ్చింది వాడికి?”

“వాడి బుర్ర వాడిది. నీ బావమరిది ఉద్యోగం ఇక్కడే. టీ కొట్టు దగ్గర్నుంచి ఇంటద్దెల దాకా ఊరంతా ఈ గోడకి ఆనుకునే బతుకుతోంది. ముందది ఆలోచించు.”

“అదే ఆలోచిస్తున్నా. వెనక గేటుకి తాళం వేసే ఉంది.”

“ఉంటే?”

“పారిపోయేవాడు తాళం వేసి మరీ పోతాడా?”

“మనవాళ్లెవరో... తర్వాత వేసుంటారు.”

“వేసి, రెండుసార్లు లాగారు కూడా. కాపలావాడు విన్నాడు.”

“వాడికి చెవుడు.”

“మీరు ఇంట్లో ఫ్రిజ్ తలుపు మూసినా రెండుసార్లు లాగుతారు. అత్తయ్య ఎప్పుడూ నవ్వుతుంది.”

“అత్తయ్య గొడవ ఇప్పుడెందుకయ్యా? వెళ్లి వెతుకు, వెతుకు!”

“దొరికాడు. పాత మిల్లులో ఉన్నాడు. మావాళ్లు చుట్టూ ఉన్నారు. చేతిలో కత్తి ఉందని కబురొచ్చింది. కదిలితే కాల్చమని పైనుంచి ఆర్డరు.”

“కాల్చడమేంటి! వాడి దగ్గర కత్తి లేదు!”

“మీకెలా తెలుసు?”

“లేదంటే లేదు!”

“మామయ్యా, ఇదిగో ఫోను. మావాళ్లు లైన్లోనే ఉన్నారు. ఏం చెప్పమంటారు?”

“ఆగమను... ఆగమనవయ్యా! వాడి చేతిలో ఉన్నది నేనిచ్చిన రొట్టెల పొట్లం. ‘ఊరు కాస్త భయపడాలిరా, ఓట్లు పడగానే వచ్చెయ్, నేనే పట్టుకున్నానని చెప్తా’ అని గేటు తీసి పంపింది నేనే. వాడు బయటికి వెళ్లగానే... ఇన్నేళ్ల అలవాటు కదా, చెయ్యి దానంతటదే తాళం వేసేసింది.”