శాలువాల పళ్లెం

"మామ్మా, రేపు యువజన సలహా సంఘం మీటింగు. నన్ను ముందు వరస కుర్చీలో కూచోమన్నారు. మొదట నన్నే మాట్లాడమన్నారు. నాకు భయంగా ఉంది. మానెయ్యనా?"

మానేస్తావా? మానెయ్. నీ బదులు ఇంకొకడు కూచుంటాడు, కుర్చీ ఏం ఏడవదు. ముందు ఇలా వచ్చి కూచో. ఏంటది, ఫోన్లో రికార్డు చేస్తున్నావా? చేసుకో, నా దగ్గర దాచేదేముంది.

అసలా కుర్చీ ఎలా వచ్చిందో నీకు తెలీదు. అప్పుడు నువ్వు గుణదల హాస్టల్లో ఉన్నావు. కిందటేడు... కాదు, అంతకు ముందేడు. కొత్త చింతకాయలు తొక్కుతున్న రోజులు, చేతులు మండిపోతున్నాయి నాకు, అదీ గుర్తు. కుర్రకారుని పిలిచి ఊరికేం కావాలో అడగండని పైనుంచి ఆర్డరొచ్చిందట. మంచిదే కదా? మా ముసలాళ్ల సలహాలకి ఊళ్లో ఏనాడూ కరువు లేదు, వద్దన్నా ఇస్తాం. పిల్లల్ని అడిగినవాడెవడు?

పెద్దదిక్కని నన్నూ పిలిచారు. ఒకప్పుడు వార్డు మెంబర్ని కదా. ఏం మెంబర్నిలే! ఆడవాళ్ల సీటు, పేరు నాది, మీటింగులకి వెళ్లేది మీ తాతయ్య. బంట్రోతు పుస్తకం పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడితే, పిండి చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టేదాన్ని. మీటింగులో ఇచ్చిన కారప్పూస పొట్లం మాత్రం ఆయన తినకుండా తెచ్చి నా చేతిలో పెట్టేవారు, "ఇదిగో నీ పదవి" అని. అప్పట్లో కారప్పూస కిలో ఇరవయ్యో ఎంతో, నూనె మంచిది, ఇప్పటిలా గొంతు పట్టేది కాదు. మా పెద్దాడపడుచు కూచిపూడి నుంచి వస్తే ఆ పొట్లం కోసమే... ఆఁ, ఎక్కడున్నాం?

రూతు. మన సాల్మన్ కూతురు. పొడుగ్గా, జడ ముందుకేసుకుని నడుస్తుంది చూడు, ఆ పిల్ల. బెజవాడలో డిగ్రీ. సాయంత్రం బస్సు కాలవ వంతెన దగ్గర దింపి పోతుంది. చలికాలం ఆరింటికే చీకటి. పక్కనే వైన్ షాపు. వంతెన మీద స్తంభముంది, దానికి లైటు లేదు. తాగినవాళ్లు ఆ చీకట్లో చేరి వచ్చేపోయే ఆడపిల్లల మీద మాటలు విసురుతుంటారు. సాల్మన్ ఎదురెళ్దామంటే కొండపల్లి థర్మల్లో కాంట్రాక్టు పని, షిఫ్టులు. చూశావా తమాషా? కరెంటు పుట్టించే చోట పని చేసేవాడి కూతురికి దారిలో దీపం లేదు!

"నెలాఖరులోపు లైటు పడకపోతే కాలేజీ మానిపించేస్తా" అన్నాడు. చెడ్డవాడేం కాదు, భయం. ఈ మగాళ్లకి భయమేస్తే తెలిసిన మందొకటే, ఆడపిల్లని ఇంట్లో కూచోబెట్టడం. తాగుబోతుని ఇంట్లో కూచోబెట్టాలని ఒక్కడికీ తోచదు.

అందుకని రూతు ఆ సంఘంలో చేరింది. మొదటి మీటింగు చూడాలి నువ్వు. మగపిల్లలకి కుర్చీలు. ఆడపిల్లలకి పట్టు పరికిణీలు కట్టుకు రమ్మని కబురు! ఒకత్తి బొట్టు పెట్టాలి, ఒకత్తి ప్రార్థన పాడాలి, రూతు శాలువాల పళ్లెం పట్టుకు నిలబడాలి. ఇక మొదలైంది సన్మానం. మండలం ఆఫీసరుకి శాలువా, దండ, కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ. వాళ్ల వెంట వచ్చినవాళ్లకి శాలువా. మైకు సెట్టు అబ్బాయికి కూడా కప్పారే! ఒక్కొక్కళ్ల గురించి పది మాటలు, ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ కప్పడం. తీరా పిల్లలు మాట్లాడే వేళకి, "సమయాభావం వల్ల యువత తమ సలహాలు కాగితం మీద రాసి ఇవ్వగలరు" అని చెప్పి జనగణమన పాడించేశారు. పిల్లల్ని అడగడానికి పెట్టిన మీటింగమ్మా అది!

మర్నాడు ఆడపిల్లలు ముగ్గురూ మన వరండాలోకొచ్చి పడ్డారు. అల్లం టీ పెట్టాను. "మామ్మగారూ, ఇంక మేం పళ్లెం పట్టుకోం, అసలు మీటింగుకే వెళ్లం" అని రూతు ఒకటే ఉడుకుమోత్తనం.

"వదిలేస్తే ఇంకొకత్తి పట్టుకుంటుంది. పట్టుకోండి, గట్టిగా పట్టుకోండి. శాలువాలు మీ చేతుల్లోనే ఉన్నాయి కదే పిచ్చి మొహాల్లారా" అన్నాను. అంతే అన్నాను, ఒట్టు. మిగతాదంతా వాళ్ల బుర్రే.

ఆ నెలలోనే రెండో మీటింగు. వేదిక మీద నేను, ఆఫీసరు, పంచాయతీ ప్రెసిడెంటు పద్మ, ఆమె మొగుడు వెంకట్రావు. అతనికి ఏ పదవీ లేదు. కానీ "ప్రెసిడెంటుగారూ" అంటే పలికేది అతనే, పద్మ కొంగు సర్దుకుంటుంది. తెలుసుగా నీకు.

మొదటి శాలువా నాకు. రూతు పళ్లెం పట్టుకునే మైకు దగ్గరికి జరిగి, "మామ్మగారూ, కప్పే ముందు ఒక్క మాట. వంతెన మీద లైటు కావాలా అక్కర్లేదా?" అంది. "కావాలే తల్లీ" అన్నాను. కప్పింది. పిల్లలందరూ చప్పట్లు. ఆఫీసరు గడుసువాడు. "ప్రెసిడెంటుగారు వేయిస్తానంటే నాకేం అభ్యంతరం లేదమ్మా" అనేశాడు. ఆయనకీ కప్పింది.

ఆ తర్వాత, "ఇప్పుడు మన ప్రియతమ ప్రెసిడెంటుగారు" అని మైకులో అనగానే వెంకట్రావు లేచాడు. లేచి, చొక్కా సర్దుకుని, ఇదిగో ఇలా, మెడ వంచాడు శాలువా కోసం. ఫోటో అబ్బాయి కెమెరా ఎత్తాడు.

"అయ్యగారూ, లైటు ఎప్పుడు వేయిస్తారండీ?"

"చూద్దాం అమ్మా" అన్నాడు, వంచిన మెడతోనే.

"చూడ్డానికే కదండీ లైటు. ఎప్పుడండీ?"

ఇంకేముంది, ఫెళ్లున నవ్వారు జనం. మెడ ఎత్తితే శాలువా పోతుంది, ఎత్తకపోతే పరువు పోతుంది! నాకు పొట్ట చెక్కలవుతోంది. పళ్లూడిన నోటికి కొంగడ్డం పెట్టుకున్నాను. అతను అలాగే తల పక్కకి తిప్పి పెళ్లాం వంక చూశాడు, ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టావన్నట్టు.

అప్పుడు లేచిందమ్మా పద్మ. మైకు ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది. గొంతు వణికింది. "వచ్చే వారంలో... నేను వేయిస్తాను. నేనూ ఆ వంతెన మీదే నడిచి చదువుకున్నాను" అంది.

రూతు వెంకట్రావుని దాటుకుంటూ వెళ్లి శాలువా ఆమెకి కప్పింది. ఆ వంగిన మెడ అలాగే ఉంది కాసేపు. ఫోటోలో కూడా అలాగే పడింది, పంచాయతీ ఆఫీసులో అడుగు, చూపించరులే.

లైటు పడింది. ఇంటికెళ్లాక మొగుడు ఏమన్నాడో గానీ, పద్మ తనే స్తంభం కింద నిలబడి వేయించింది. సాల్మన్ మళ్లీ చదువు మాన్పించే మాటెత్తలేదు. రూతు ఇప్పుడు ఆఖరి సంవత్సరం. అప్పట్నుంచీ పంచాయతీవాళ్లు తెలివి తెచ్చుకున్నారు. ఆడపిల్లల చేతికి పళ్లెం ఇస్తే ప్రమాదమని ముందు వరసలో కుర్చీలేసి కూచోబెడుతున్నారు. ఆ కుర్చీయే నువ్వు వద్దంటున్నది.

ఏం అడగాలో తెలియదా? లైబ్రరీలో పొద్దస్తమానం పేకాట, ఆడపిల్లలు పేపరు చదువుకునే చోటే లేదని పొద్దున నా చెవి తినేశావు కదే. అదే మైకులో తిను. గొంతు వణుకుతుందా? వణకనీ. పద్మకి వణికినా లైటు వెలిగింది కదా.

ఏంటీ? మీ అన్నయ్య గొణుగుతున్నాడా? పోయిన మీటింగులో పళ్లెం వాడి చేతికిచ్చారనా, నిలబడలేక చేతులు లాగేశాయనా? హహ్హహ్హ... లాగుతాయమ్మా, ఎందుకు లాగవు! ఆ పళ్లెం ఎంత బరువో ఇన్నాళ్లకి ఒక మగపిల్లాడికి తెలిసింది.

సరే, పొద్దుపోతోంది, వెళ్లి రేపటికి మంచి చీర చూసుకో... వద్దులే, నీకిష్టమైందే వేసుకో. చల్లగా ఉండు తల్లీ. నీ నోట మాట వచ్చినప్పుడు ఊరు నీ వంక తిరగాలి. ఆ ఫోను కట్టేశావా లేదా...