ఎర్ర పోగుల తొవ్వ

పొద్దున ఏడయింది. సన్న తుంపర పడ్తాంది. నా చిన్నబిడ్డ లత బ్యాగు సర్దుకుంట అడిగింది: “అమ్మా, కాలేజోళ్లతోని గుట్టల్ల నాలుగు రోజులు నడుస్తం, గంతే గద. ఎంతమంది పోతాన్రు, ఎంతమంది పోతాన్రు అని పదిసార్లు అడుగుడేంది?”

కూసో, చెప్త. నువ్వు అప్పటికింక పుట్టలే. డెబ్బై రెండో... కాదు, డెబ్బై మూడు. మీ అక్క సుజాతకు తొమ్మిదేండ్లు. దానికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గించింది దవాఖానల డాక్టరు. మొక్కింది మీ బాపు, ఏటూరునాగారం అవతల గుట్టల మీది దేవునికి, ఇంటిల్లిపాది నడిచి వస్తమని. మొక్కేతందుకు ఆయనకేం పోయింది, నడిచేది మా కాళ్లు గద.

అయిదుగురం పోయినం. నేను, మీ బాపు, మీ నాయనమ్మ, మా తమ్ముడు రాజయ్య, సుజాత. ఏటూరునాగారం దాక బస్సు. ఆడికెల్లి పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. అంత అడివి, ఎక్కుడు, దిగుడు. అక్కడి కోయ పెద్దాయన ఒకాయన తొవ్వ చూపిస్త అన్నడు. మీ బాపు నవ్విండు. “వెయ్యి పోగులల్ల తెగిన పోగు పట్టేటోన్ని. నాకు తొవ్వ చూపిస్తవా?” అన్నడు. మనం జంపఖానలు నేసేటోళ్లం గద. ఆ తెలివి అడివికి గూడ సరిపోతదనుకున్నడు.

అంచులకు వాడంగ మిగిలిన ఎర్ర నూలు సంచిల ఏసుకచ్చిండు. తొవ్వలు చీలిన కాడ, కలిసిన కాడ, మేం నడిచిన దిక్కు పొదకు ఒక పోగు కట్టుడు. వచ్చేటప్పుడు ఎర్ర పోగు చూసుకుంట వస్తె అయిపాయె. తెలివి మంచిదే, కాదన. ఆడికి ఆగితే బాగుండు.

మా ఎనుక ఇంకో గుంపు వస్తాండె, కేసముద్రం దిక్కోళ్లు. అండ్ల ముసలామె ఒకామె అడిగింది, “ఏం ముడుపయ్యా ఇది?” అని. తొవ్వ గుర్తమ్మా అంటె ఒడ్సిపోయేది. మీ బాపు కండ్లు మూసి, “మా ఇంటి ఆచారమమ్మా. కట్టినోళ్లకు మంచి జరుగుతది” అన్నడు. రాజయ్య నోట్లె తువ్వాల కుక్కుకొని నవ్విండు. నేనూ నవ్విన. అబద్ధమెందుకు చెప్పాలె.

దర్శనమైంది. మల్ల దిగుడు మొదలువెట్టినం. ఆఖరు రోజు, పగటీలి. సుజాత ముంగట ఉరుకుతాంది. నేను ఆగమంటె మీ బాపు, “పోనీయే. ఎర్ర పోగు చూసుకుంట పో బిడ్డా, తప్పిపోవు” అన్నడు. మీ నాయనమ్మకు మోకాళ్లు పట్టుకున్నయని జర కూసున్నం. లేచి పోతే తొవ్వ చీలింది. సుజాత లేదు.

రెండు దిక్కుల పొదలకు పోగులే. ఎర్రయి. చేతి దారాలు, చింపిన చీర అంచులు, రిబ్బన్లు గూడ. ఎడమకైతే చెట్టు చెట్టుకు. ఆ గుంపోళ్లు మాకన్న ముందుగాల దిగి, భక్తితోని కట్టుకుంట పోయిన్రు. మంచి జరగాలె గద.

మీ బాపు మొఖం తెల్లవడ్డది. “ఇగో, ఇటు ఎక్కువున్నయి, ఇటే పోయింది” అని ఎడమకు ఉరికిండు. ఎనుక రాజయ్య. సుజాతా, సుజాతా అని పిలుస్తాన్నరు, ఆ గొంతులు చిన్నగైతాన్నయి. మీ నాయనమ్మ రాయి మీద కూసొని ఇంకో మొక్కు మొదలువెట్టింది. “అత్తమ్మా, మొక్కకు. మల్ల నడవాలె” అన్న.

నేను ఆ చీలిక కాడికి పోయిన. ఒక్కొక్క పోగు పట్టి చూసిన. ఎడమ దిక్కువి అందరేసే ముడులే, ఉత్త రెండు మెలికలు. కుడి దిక్కు పొదల, ఆకుల సందుల, ఒకటే ఒకటి దొరికింది. మగ్గం మీద పోగు తెగితె అతికే ముడి. చిన్నగ, చదునుగ, కొసలు కొరికి. మీ బాపుకు ఇంకో ముడి రాదు.

కుడికి ఉరికిన. ఒర్రె కాడ మీ అక్క, నీళ్లల్ల కాళ్లు పెట్టి అటుకులు తింటాంది. “ఎట్ల వచ్చినవే?” అంటె, “బాపు ముడి చూసి వచ్చిన. అటు దిక్కువి గుంజితె ఊడుతాన్నయి” అన్నది. ఇంట్ల పోగులు అతికేది అదే గద. కొట్టిన. ఒక్కటే దెబ్బ. ఎందుకు కొట్టిననో ఇప్పటికి తెల్వది.

దాన్ని తోలుకచ్చి మీ నాయనమ్మ పక్కకే కూసున్నం. మీ బాపు, రాజయ్య పొద్దుగూకంగ వచ్చిన్రు. మీ బాపుకు అంగి చినిగింది, ఒక చెప్పు లేదు, గొంతు పోయింది. “బాపూ, నువ్వు ఏడ తప్పిపోయినవ్?” అన్నది సుజాత. మీ నాయనమ్మ గూడ నవ్వింది. నేను నవ్వలే. ఇంటికొచ్చినంక వారం దాక నా చేతుల పోగు నిలవలే.

ఆ చెట్లకు ఇప్పటికి ఎర్ర పోగులు కడుతరట. మహిమ గల తొవ్వ అంటరట. మీ బాపు గది వింటె లేచి మగ్గం కాడికి పోతడు.

నువ్వు పో బిడ్డా, ఆపను. గొడుగు పట్టుకో. తొవ్వ చూపెటోన్ని పెట్టుకోన్రి. వచ్చిననాడు గడప బయట జర నిలబడు. ఆనాడు గూడ అందర్ని గట్లనే నిలబెట్టిన. మీ నాయనమ్మ, ఒకటి. రాజయ్య, రెండు. సుజాత, మూడు. నెత్తి మీద చెయ్యి పెట్టి మల్ల ఒకసారి, మూడు. నేను, నాలుగు. మీ బాపు ఉన్న ఒక్క చెప్పు చేతుల పట్టుకొని, “నన్ను లెక్కపెట్టవా?” అన్నడు.

ఆయన చేతులకెల్లి ఆ చెప్పు తీసుకొని గడప పక్కకు పెట్టిన.

అయిదు.